ఉడుత, రిజిస్టరు, పిలకాయ: కరెంటు స్తంభం మీది చావుల్ని ఎట్లా చదవాలి?

2022 జూన్ 30న సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలికి పోతున్న ఆడవాళ్ల ఆటో మీద కరెంటు తీగ తెగి పడింది. ఐదుగురు కూలీలు కాలిపోయారు. ఆ రోజే విద్యుత్ సంస్థ తరఫున కారణం బయటికొచ్చింది. ఉడుత! స్తంభం మీద ఉడుత తీగకు తగిలిందట, షార్ట్ సర్క్యూట్ అయిందట, తీగ తెగిందట. జనం నవ్వుకున్నారు, బొమ్మలేసుకున్నారు, వారం తిరగ్గానే మర్చిపోయారు. ఉడుతాభక్తి అనే మాట మనకు రామాయణం నుంచి వచ్చింది. వారధికి నాలుగు ఇసుక రేణువులు మోసిన ఉడుత కన్నా, తాడిమర్రి ఉడుత సంస్థకు చేసిన సాయం చాలా పెద్దది. ఐదు చావుల బరువు మొత్తం తన వీపున మోసింది.

మేము ఆ మాటను ఇంకా మర్చిపోలేదు. దాన్ని ఒక పాఠంగా తీసుకుని చదవాలనుకుంటున్నాం. కథనూ కవితనూ చదివేటప్పుడు ఎవరు మాట్లాడుతున్నారు, ఎవర్ని మాట్లాడనివ్వడం లేదు అని అడగడం దళిత విమర్శ మనకు నేర్పింది. అదే ప్రశ్నను సేఫ్టీ రూల్స్‌నూ ప్రమాద నివేదికల్నూ ఎందుకు అడగకూడదు? ఇవి కూడా ఎవరో రాసిన రాతలే. కథ బాగలేకపోతే పాఠకుడికి విసుగొస్తుంది, అంతే. ఈ రాతలు బాగలేకపోతే మనుషులు చస్తారు.

తాడిమర్రికి కరెంటిచ్చే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థే సూళ్లూరుపేటకూ ఇస్తుంది. తిరుపతిలో దాని పెద్దాఫీసు. సూళ్లూరుపేట 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత తిరుపతి జిల్లా. శాసనసభకు ఎస్సీ రిజర్వుడు స్థానం. ఒక పక్క పులికాట్ సరస్సు, సరస్సుకు అవతల శ్రీహరికోట. ఉప్పుగాలి తగిలే నేల ఇది. ఉప్పు పేరుకుంటే ఇన్సులేటర్ మీద నిప్పురవ్వలు లేస్తాయి. అల్యూమినియం తీగ లోపలుండే ఉక్కు పోగు తుప్పు పడుతుంది. దానికి తోడు తుపాన్లు. 1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేలోపు ఈ పక్కంతా ముంచి పోయింది. తుపాను వెలిసిన మర్నాడు మంత్రులు రోడ్డు మీద ఉంటారు, అధికారులు ఫోన్లో ఉంటారు. మోకాటి లోతు నీళ్లలో స్తంభం భుజానికెత్తుకున్నవాళ్లు ఎవరు? వాళ్ల గురించే ఈ వ్యాసం.

ముందు ఉడుత సంగతి తేల్చుకుందాం. ఇనుప అడ్డకమ్మీకీ తీగకూ నడుమ ఉడుత వంతెనైతే కరెంటు భూమిలోకి పారుతుంది, అక్కడ మంట పుడుతుంది. ఇది నిజమే, కాదనం. అయితే సబ్‌స్టేషన్‌లో రిలే అనేదొకటి ఉంటుంది. కరెంటు దారి తప్పినట్టు పసిగట్టి బ్రేకర్ పడేట్టు చేయడమే దాని పని. తీగ తెగి కింద పడినా అందులో కరెంటు ఉండకూడదు. ఎండు నేల మీదో, కంకర మీదో పడ్డ తీగలోంచి పారే కరెంటు తక్కువ గనక రిలేకు ఒక్కోసారి ఆనదు. ఈ చిక్కు ప్రపంచమంతా ఉంది, ఇంజనీర్లందరికీ తెలుసు. తెలుసు గనకనే రోడ్డు దాటే చోట తీగ కింద గార్డింగు కట్టాలంటారు, పోగులు తెగిన పాత తీగ మార్చాలంటారు, కొమ్మలు కొట్టాలంటారు, లైను వెంట నడిచి చూడమంటారు. వీటన్నిటికీ మనుషులు కావాలి, సామాను కావాలి, డబ్బు కావాలి. ఎక్కడ ఏది తక్కువైంది అన్నది అడగాల్సిన ప్రశ్న. ఉడుత పేరు చెప్పగానే ఆ ప్రశ్న నోరు మూతపడుతుంది.

న్యాయం కూడా ఉడుత పక్షాన లేదు. మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు, శైల్ కుమారి కేసులో 2002 జనవరిలో సుప్రీంకోర్టు విషయం తేల్చింది. ఒక మనిషి రాత్రి సైకిలు మీద ఇంటికి పోతూ తెగిపడ్డ తీగ తొక్కి చనిపోయాడు. ఎవడో దొంగ కనెక్షన్ తగిలించుకున్నాడు, మా తప్పు కాదు అని బోర్డు వాదించింది. ప్రమాదకరమైన సరుకు నడిపేవాడిదే బాధ్యత, మూడోవాడి మీదికి నెట్టి తప్పుకోవడానికి లేదు అని కోర్టు చెప్పింది. దొంగ మీదికే నెట్టనివ్వనప్పుడు ఉడుత మీదికి ఎట్లా నెడతారు? తాడిమర్రి తర్వాత నాలుగు నెలలకే, 2022 నవంబరు 2న, అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరులో ట్రాక్టరు మీద తీగ పడి నలుగురు కూలీలు పోయారు. ఈసారి ఉడుత దొరకలేదు. కింది ఉద్యోగుల్ని సస్పెండ్ చేశారు.

ఈ రెండు చోట్లా చనిపోయింది పొలం కూలీలు, కరెంటు పనివాళ్లు కాదు గదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ గీత ఎవరు గీశారనేదే మా ప్రశ్న. కూలికి పోయే దారి కూలివాడికి పనిచోటే. ఇంకో సంగతి, కరెంటు పని చేస్తూ చచ్చిపోయినవాడు కూడా చాలాసార్లు కాగితం మీద కరెంటు పనివాడు కాడు.

ఎట్లాగో చూద్దాం. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 36వ నియమం మంచి నియమం. తీగ మీద చెయ్యేసే ముందు దాన్ని ఎర్త్ చేసి ఖాళీ చేయాలంది. పనిచేసే ప్రతి మనిషికీ గ్లౌజులు, రబ్బరు బూట్లు, నడుం బెల్టు, నిచ్చెన, హెల్మెట్, ఎర్తింగు సామాను ఇవ్వాలంది. ‘ప్రతి మనిషికీ’ అనే మాట చూసి మేమూ మొదట సంతోషించాం. కాస్త కిందికి పోతే ఇంకో మాట ఉంది. అధికారం పొందినవాడు తప్ప ఎవడూ కరెంటున్న లైను మీద పనిచేయకూడదు, చేసేవాడికి సాయం కూడా చేయకూడదు. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త నిబంధనలు తెచ్చినప్పుడూ ఇదే వరస నడిచింది. 2023లో వాటి స్థానంలో ఇంకొకటి వచ్చింది. ఎవరు ఏ పని చేయొచ్చో పేరు పేరునా రాసిన రిజిస్టరు ఉండాలని 2010 నిబంధనలు చెబుతాయి. అర్హత లేనివాణ్ణి స్తంభం ఎక్కించకూడదనే ఆ నియమం పెట్టారు. అందులో తప్పు పట్టడానికేం లేదు.

ఆ రిజిస్టరు ఊళ్లోకొచ్చేసరికి ఏమవుతుంది? లైన్‌మన్‌కు అయిదారు ఊళ్లు అంటగడతారు. వయసు మీద పడి ఉంటుంది, మోకాళ్లు సహకరించవు. అతను తన జేబులోంచి రోజుకింతని ఇచ్చి ఒక మనిషిని పెట్టుకుంటాడు. ఈ మనిషిని ఆంధ్ర దేశంలో ‘ప్రైవేటు లైన్‌మన్’ అంటారు, ‘హెల్పరు’ అంటారు. మా నెల్లూరు, తిరుపతి పక్క ‘పిలకాయ’ అంటారు. ‘పిలకాయను పంపిస్తా, ఫ్యూజు వేస్తాడు’ అనే మాట మీరందరూ వినే ఉంటారు. ఆ పిలకాయకు నలభై ఏళ్లుండొచ్చు, పెళ్లీడు కూతురుండొచ్చు. అయినా పిలకాయే. వెట్టివాణ్ణి ఎన్నేళ్లొచ్చినా ‘ఒరే’ అని పిలిచిన నోళ్లకు ఈ పేరు కొత్త గాదు. స్తంభం కొత్తది, పిలుపు పాతది.

ఈ పిలకాయ పేరు రిజిస్టరులో ఉండదు. మెళకువ అంతా అక్కడే ఉంది. పేరు లేదు గనక బెల్టు లేదు, గ్లౌజు లేదు, ట్రైనింగు లేదు. స్తంభం మీద షాకు కొట్టి పడ్డాడంటే అదే నియమం తిరగబడి అతన్నే ముద్దాయిని చేస్తుంది. ‘అధికారం లేని వ్యక్తి, అనుమతి లేకుండా, నిర్లక్ష్యంగా స్తంభమెక్కెను’ అని రాస్తారు. కాపాడటానికి పుట్టిన వాక్యమే నేరం మోపే వాక్యం అయిపోతుంది. ఒక్క అక్షరం మార్చే పని లేదు. గౌతమ ధర్మసూత్రం రాతలో శూద్రుడికి వేదం వినే అర్హత లేదు, విన్నాడంటే శిక్ష మాత్రం అతనికే. పోలిక పెద్దదే గానీ, వాక్యం నడిచే తీరు ఒకటే.

మాలో ఒకరి మేనమామ పన్నెండేళ్లు ఈ పిలకాయ పని చేశాడు. ఏ ఊరో, ఎవరి కిందో ఇక్కడ రాయడం లేదు. ఆయన చెప్పిన సంగతి మాత్రం రాస్తాం. లైను మీదికి పోయేముందు ఎల్‌సీ తీసుకోవాలి. అంటే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీయించి, ఏబీ స్విచ్ విప్పి, కరెంటు లేదని టెస్టరుతో చూసి, పనిచేసే చోటుకు రెండు పక్కలా ఎర్త్ రాడ్లు తగిలించుకున్నాకే తీగ ముట్టాలి. ఎల్‌సీ పైనవాడి పేరున ఫోన్లో వస్తుంది, ఎక్కేది ఇతను. ‘ఎల్‌సీ అయిందా అన్నా అని అడిగితే, అయింది పోరా నాయనా అంటాడు. ఏ ఫీడరుకైందో నాకేం తెలుసు? ఒకే స్తంభం మీద రెండు లైన్లు పోతా ఉంటాయి. మళ్లా అడిగితే, నీకు బయమైతే దిగు, ఇంకోణ్ణి పిలుస్తా అంటాడు’. ఎర్త్ రాడ్లు ఎప్పుడైనా వేశావా మామా అని అడిగాం. ‘అవి బండిలో యాడుంటాయి అబ్బయా, స్టోర్సులో ఉంటాయి’ అన్నాడు. లైను ఆఫ్‌లో ఉన్నా ఎవరింటి జనరేటరో వెనక నుంచి కరెంటు తోస్తుంది. రాడ్లు వేసుకునేది దాని కోసమే. ఆయన చెయ్యి మోచేతి దాకా తీసేశారు. మద్రాసు కీల్పాక్ ఆస్పత్రి కాలిన వార్డులో రెండు నెలలున్నాడు. హైవోల్టేజి కరెంటు చర్మం మీద చిన్న మచ్చ చేసి లోపల కండను ఉడకబెడుతుంది. పైకి చూసి బాగానే ఉందనుకుంటారు, నాలుగు రోజులకు చెయ్యి నల్లబడుతుంది. ఆయనకిది డాక్టరు చెప్పాకే తెలిసింది.

ఇక ప్రమాద నివేదిక ఫారం. విద్యుత్ చట్టం 2003లో 161వ సెక్షను కింద ప్రమాదం జరిగితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలపాలి. ప్రాణం పోతే 24 గంటల్లోనే. దానికో ఫారం ఉంది. విద్యార్థులకు మా మనవి: ఆ ఫారం తప్పక చదవండి. తెలుగులో వచ్చిన ఎన్నో కథల కన్నా ఎక్కువ చెబుతుంది. చచ్చినవాడి పేరు, తండ్రి పేరు, వయసు అడుగుతుంది. సరఫరాదారు ఉద్యోగి అయితే హోదా ఏంది, చేస్తున్న పని ఏంది అని అడుగుతుంది. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు కింద పనివాడైతే పర్మిట్ ఉందా, పని పురమాయించినవాడు ఎవరు అని అడుగుతుంది. ఏ రక్షణ సామాను ఇచ్చారు, అతను ఏది వాడాడు అని అడుగుతుంది. కృత్రిమ శ్వాస ఎంతసేపు ఇచ్చారు అని కూడా అడుగుతుంది. రాసినవాడెవడో బుర్ర ఉన్నవాడే. అయితే పిలకాయ ఈ రెండు గడుల్లో దేనిలోనూ పట్టడు. సరఫరాదారు ఉద్యోగి కాడు, లైసెన్సు కాంట్రాక్టరు కూలీ కాడు. కాబట్టి దారిన పోయేవాడి లెక్కలో పడతాడు. సంస్థల లెక్కల్లో ప్రమాదాలు డిపార్ట్‌మెంటల్, నాన్ డిపార్ట్‌మెంటల్ అని రెండు రకాలు. పన్నెండేళ్లు డిపార్ట్‌మెంటు స్తంభాలెక్కినవాడు చచ్చిన రోజున నాన్ డిపార్ట్‌మెంటల్.

ఫారంలో లేని గడి ఇంకొకటుంది, కులం. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా వేసే ప్రమాద మరణాల పుస్తకంలో కరెంటు చావులు పన్నెండు, పదమూడు వేల దాకా ఉంటాయి. ఆడా మగా లెక్క ఉంది, వయసు లెక్క ఉంది. కులం లేదు. అందుకని ‘ఫలానా శాతం మావాళ్లే’ అని మేము రాయలేం, రాయం. సూళ్లూరుపేట చుట్టూ స్తంభాలు మోసే గుంపుల్ని, గుంతలు తవ్వే గుంపుల్ని చూసినవాళ్లకు మాల, మాదిగ, యానాది వాడలు ఎట్లాగూ గుర్తొస్తాయి. గుర్తుకు రావడం రుజువు కాదని మాకూ తెలుసు. లెక్క తీయనివాడే రుజువు అడుగుతున్నాడని మాత్రం చెప్పదలిచాం. మురికి గుంతల చావులకు ఒకప్పుడు లెక్కే లేదు. సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్లు పేర్లు పోగేసి కోర్టుకు పోయాకే 2014 మార్చిలో సుప్రీంకోర్టు చావుకు 10 లక్షలు ఇవ్వమంది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. గుంత, స్తంభం ఒకటే అనడం లేదు మేము. గుంతలోకి దిగేది పూర్తిగా కులం దింపిన పని. స్తంభం మీద బోర్డు ఉద్యోగం ఉంది, దానికి రోస్టరు ఉంది, ఆ ఉద్యోగంతో మన వాడల్లో ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. 2019లో సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు దక్షిణ సంస్థ ఒక్కటే ఐదు వేలకు పైగా పోస్టులు వేసింది. ఐటీఐ చదివిన మన పిల్లలు స్తంభమెక్కే పరీక్షకు వరస కట్టారు. ఆ కోరికను తక్కువ చేయం. రోస్టరు ఉన్న ఉద్యోగానికి కిందనే రోస్టరు లేని ఒక మనిషిని పెట్టుకుని వ్యవస్థ నడుస్తోంది, మా తగాదా దాంతోనే. ఎక్కించేవాడూ కొన్నిసార్లు మన వాడవాడే అవుతాడు. ఇది రాయడానికి మాకు చేదుగానే ఉంది.

ఇప్పుడు సరస్సు దాటి శ్రీహరికోటకు పోదాం. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగం 56 నిమిషాల ముందు ఆగిపోయింది. దేశమంతా మేలుకుని చూస్తోంది, రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారు. అయినా ఆపారు. వారం తర్వాత ఎగిరింది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్ష రాకెట్టు ఐదు సెకన్ల ముందు ఆగింది, లోపం చూసుకుని అదే పొద్దున ఎగిరింది. దీన్ని ‘హోల్డ్’ అంటారు. ఆపినవాడిని ఎవరూ పిరికివాడనలేదు, పత్రికలు మెచ్చుకున్నాయి. భద్రత అంటే ఆపగలిగే అధికారం అని ఈ దేశానికి బాగా తెలుసన్నమాట. సరస్సు ఇవతల పదకొండు వేల వోల్టుల స్తంభం కింద నిలబడి ‘ఎర్త్ వేస్తేగానీ ఎక్కను’ అన్నవాడికి మాత్రం రేపు పని ఉండదు.

శ్రీహరికోటను మేము గుడి చేయడం లేదు. 2004 ఫిబ్రవరి 23న అక్కడ ఘన ఇంధనం తయారుచేసే చోట మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. ఆ దీవిలో అంతకుముందు బతికిన యానాదుల కథ వేరే ఉంది. అయినా హోల్డ్ అనే మాటను అక్కడి నుంచి తెచ్చుకోవాలని మా పట్టు. 1981 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒడంబడిక, ప్రాణం మీదికొచ్చే పని నుంచి తప్పుకున్న కార్మికుణ్ణి శిక్షించరాదంటుంది. 2022లో ఆ సంస్థ భద్రమైన పనిని మౌలిక హక్కుల్లో చేర్చింది. మన దేశంలో 2020లో పార్లమెంటు చేసి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఏముంది? ప్రమాదం ఉందని అనిపిస్తే యజమానికీ ఇన్‌స్పెక్టరుకూ తెలియజేయవచ్చునట. చెప్పొచ్చు, ఆగే హక్కు మాత్రం రాయలేదు. అదీ ఉద్యోగికే. రిజిస్టరులో పేరు లేని పిలకాయ ఏ హోదాతో తెలియజేస్తాడు?

ఈ చీలిక ఎప్పుడు మొదలైందని వెనక్కి పోతే మనకు అంబేద్కర్ కనిపిస్తాడు. చాలామంది మరిచిన సంగతిది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో ఆయన లేబర్ మెంబరు. విద్యుత్తు కూడా ఆ శాఖ కిందే ఉండేది. 1943 అక్టోబరు 25న విద్యుత్ విధాన కమిటీ ముందు మాట్లాడుతూ, చవకగా, సమృద్ధిగా కరెంటు లేనిదే పరిశ్రమలు రావు, పరిశ్రమలు రానిదే పేదరికపు గిరగిర నుంచి జనం బయటపడరు అనే అర్థంలో వాదించాడు. ఆ శాఖ చేసిన కసరత్తు నుంచే 1948 విద్యుత్ సరఫరా చట్టం వచ్చింది, ఆ చట్టం కిందనే రాష్ట్రాల్లో బోర్డులొచ్చాయి. మన బోర్డు 1959లో వచ్చింది. అదే బల్ల మీద 1946లో ఫ్యాక్టరీ పనిని వారానికి 48 గంటలకు తగ్గించే సవరణ కూడా నడిచింది. కరెంటు, కూలివాడి ఒళ్లు ఒకే మనిషి ఫైళ్లలో పక్కపక్కనే ఉండేవి. తర్వాత విడగొట్టారు. కరెంటు ఒక మంత్రికి, కార్మికుడు ఇంకో మంత్రికి. లైను మీద చావు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు ఫైలు, పరిహారం లేబర్ ఆఫీసు ఫైలు. పొలంలో నిలబడ్డ స్తంభానికి నాలుగు గోడలు లేవు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు అటు రాడు. అంబేద్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగా మాత్రమే దండలేసి నిలబెట్టడం వల్ల మనం పోగొట్టుకున్నవాటిలో ఇదొకటి.

1999 ఫిబ్రవరిలో బోర్డును ముక్కలు చేశారు. ఆ నెలలోనే ప్రపంచబ్యాంకు 210 మిలియన్ డాలర్ల అప్పుకు ఒప్పుకుంది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమాన్ని మేము గౌరవిస్తాం. అయితే దాని సాహిత్యం ఇప్పుడు తిరగేస్తే యూనిట్ ధర ఉంది, నష్టాల లెక్క ఉంది, ప్రపంచబ్యాంకు ఉంది. స్తంభం మీద మనిషి లేడు. వామపక్ష మిత్రులు అతన్ని ‘కాంట్రాక్టు కార్మికుడు’ అన్నారు, అది సగం నిజం. కాంట్రాక్టు కాగితం ఉన్నవాడు 2001లో సుప్రీంకోర్టు తలుపులు మూసేదాకా పర్మనెంటు అవుతానని ఆశపడ్డాడు. తెలంగాణలో ఇరవై వేల మందికి పైగా ‘ఆర్టిజన్లు’ అనే పేరైనా తెచ్చుకున్నారు. ఏ కాగితమూ లేని పిలకాయ ఏ యూనియన్ మెంబర్‌షిప్ పుస్తకంలోనూ లేడు. దళిత పత్రికలు మాత్రం ఏం చేశాయి? మనం చెప్పు గురించి, డప్పు గురించి, చీపురు గురించి, పాకీ పని గురించి రాసుకున్నాం. రాయాల్సిందే. కరెంటు ఆధునికం గదా, ఆధునికంలో కులం ఉండదులే అన్న నమ్మకం మనలో కూడా ఎక్కడో దాక్కుని ఉందేమో. మేమూ ఈ పత్రికలో ఇన్నాళ్లూ దీని జోలికి పోలేదు.

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయినప్పుడు వాళ్ల పేర్లు, ఫొటోలు, చివరి ఫోను మాటలు పత్రికల్లో వచ్చాయి. సీఐడీ విచారణ వేశారు. మంచిదే, ఆ దుఃఖం మనదీ. అట్లాంటి ఒక్క పేజీ పిలకాయకు ఎప్పుడైనా దక్కిందా?

సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. సూళ్లూరుపేట, నాయుడుపేట, తడ సెక్షన్లలో అధికారం పొందినవాళ్ల రిజిస్టరు నకలు అడగొచ్చు. ఎర్త్ రాడ్లు, బెల్టులు స్టోర్సు నుంచి ఏ తేదీన ఎవరికి ఇచ్చారో ఆ పుస్తకం అడగొచ్చు. పదేళ్ల ప్రమాద ఫారాలు అడగొచ్చు, పేర్లు కొట్టేసి ఇచ్చినా పర్వాలేదు. ఒక గడి మాత్రం కొట్టేయనివ్వకండి. పని పురమాయించిన వ్యక్తి పేరు, హోదా అనే గడి. నాన్ డిపార్ట్‌మెంటల్ అని రాసిన ప్రతి ఫారంలోనూ ఆ గడిలో ఏం రాశారో, ఖాళీగా వదిలేశారో చూసి మాకు రాయండి. వచ్చినవి వచ్చినట్టు వచ్చే సంచికల్లో వేస్తాం.